కొసరు

శనివారం. వాల్పరైసోలో సముద్రం ఇంకా
మంచు దుప్పటి తీయలేదు.
నలుగురం కొండ దిగుతున్నాం,
నూట అరవై మూడు మెట్లు.
ఒక చక్రం మొండికేసిన తోపుడుసంచిని
అన్‌సెల్మో ఈడుస్తున్నాడు. మెట్టుకో తిట్టు,
నాకు వినపడకూడదన్నంత మెల్లగా,
వినపడేంత స్పష్టంగా.

చీటీ గాస్పర్ చేతిలో.
వాడికి చదవడం కొత్తగా వచ్చింది, దేన్నీ వదలడు:
గోడల మీది బూతుల్ని, బస్సుల నుదుటి మీది ఊళ్లని,
చేపల కొట్టులో అప్పు లేదన్న బోర్డుని.
సంత నడుమ నిలబడి గొంతెత్తాడు:
"రెండు కిలోల నాన్న!"
మా భాషలో దుంపకీ నాన్నకీ
ఎక్కడ నొక్కి పలుకుతామన్నదే తేడా.
దుంపల సునిల్దా కడుపు పట్టుకుని నవ్వింది.
"మీ నాన్న రెండు కిలోలకి ఆగడురా,
రేవులో క్రేనుకి కట్టి తూచాలి."
ఆయన ఇంకా అక్కడే ఉండుంటాడు,
రాత్రి డ్యూటీ దిగకుండా.

మిల్యారాయ్‌కి పదమూడు.
అవకాడోని బొటనవేలితో నొక్కి చూడదు.
తొడిమ దగ్గర గోటితో గీరి, రంగు చూసి, పక్కన పెడుతుంది.
నేను నేర్పలేదు. ఎవరు నేర్పారని అడగలేదు.
బేరం కూడా అంతే.
ధర విని ఏమీ అనదు,
పక్క కొట్టువైపు ఒకసారి చూస్తుంది.
నేనైతే ఈపాటికి
ఇంటద్దె దాకా చెప్పుకునేదాన్ని.

గుమ్మడికాయ దగ్గర మాత్రం అందరం ఆగుతాం.
దూడంత కాయ. రంపం పెట్టి కోస్తాడతను.
రాలే పసుపు పొట్టుకి గాస్పర్ దోసిలి పడతాడు,
ఎందుకో వాడికీ తెలీదు.

ఆఖరికి కమలాలు.
దోన్ ఇపోలితో పద్నాలుగేళ్లుగా
తూకం అయ్యాక ఒక పండు కొసరు వేస్తాడు.
సంచిలో కాదు, అన్‌సెల్మో అరచేతిలో.
ఆ చెయ్యి మొదట నా చంకలోంచి చాచేది,
తర్వాత బల్ల కిందనుంచి,
తర్వాత బల్ల మీదనుంచి.
ఇవాళ ముసలాయన పండు తీశాడు,
ఇవ్వబోతూ తలెత్తాడు.
ఇంకా ఎత్తాడు.
మూతి మీది నూగు కనిపించింది కాబోలు,
"ఇంకేం కావాలండీ?" అని అడిగాడు నా కొడుకుని.
వంగి పండు గాస్పర్‌కిచ్చాడు.

అన్‌సెల్మో చెయ్యి అప్పటికే సగం లేచింది.
దాన్ని అలాగే పైకి తీసుకెళ్లి తల గోక్కున్నాడు.
నేను ఉల్లికాడల్లో ఏదో వెతుక్కున్నాను.

డెబ్బయ్యో మెట్టు దగ్గర చక్రం ఊడింది.
దొర్లుకుంటూ కిందికి పోయింది, వెనకే ఒక కుక్క.
కూర్చున్నాం. గాస్పర్ కమలా వలిచి
తొనలు లెక్కపెట్టాడు. తొమ్మిది.
తలా రెండు. మిగిలింది పంచినవాడికి.
ఆ రూలు అన్‌సెల్మో పెట్టిందే,
వాడు పంచేవాడైన రోజుల్లో.
మేం చూస్తుండగానే చిన్నవాడు దాన్ని నోట్లో వేసుకుని
రసం మోచేతిదాకా కారుతుంటే
అన్నవైపు తిరిగి బుగ్గలు పూరించాడు.
అన్‌సెల్మోకి నవ్వాగలేదు.
ఆ నవ్వు మధ్యలో గొంతు బొంగురుపోయి
ఎవరో పెద్దమనిషి మా పక్కన కూర్చున్నట్టు
నేను ఉలిక్కిపడ్డాను.

తర్వాత వాడు లేచి
సంచిని, చక్రం లేని బండితో సహా, భుజానికెత్తుకున్నాడు.
మిల్యారాయ్ గుమ్మడి ముక్క తీసుకుంది.
గాస్పర్ గుడ్లు.
ఇవే మెట్ల మీద ఒకప్పుడు
వీపున దుంపలు, చంకన వీడు, కడుపులో అది.
ఇప్పుడు నా చేతిలో ఒక కొత్తిమీర కట్ట,
అయినా అందరికంటే వెనక నేనే.

పైమెట్టు మీంచి వాడు తిరిగి చూశాడు.
"అమ్మా, అది కూడా ఇటివ్వు."

ఇవ్వలేదు.